అమోనియా అనుకున్నాడు, కానీ అంటుకుంది

పోయిన వేసవిలో నెల రోజులు ఒక మందుల ఫ్యాక్టరీలో ట్రైనింగ్‌కి వెళ్లాను. మూడో రోజు అనుకుంటా, ప్రొడక్షన్ బ్లాక్ వెనక నుంచి నడుస్తుంటే గుప్పున ఒక వాసన ముక్కుకి కొట్టింది. కళ్లల్లో నీళ్లు. కెమికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం కదా, వెంటనే అమోనియా లీకైందని పక్కనున్న ఆపరేటర్ అన్నకి ప్రకటించేశాను. ఆయన ముందు నా మోచెయ్యి పట్టుకుని గాలి వచ్చే వైపుకి లాక్కెళ్లాడు. ఆ తర్వాత తీరిగ్గా చెప్పాడు, అది అమోనియా కాదనీ, ఎంఎంఏ అనీ, కాస్త పల్చబడ్డాక చూస్తే చేపల కంపు తెలుస్తుందనీ. డ్రమ్ము మార్చేటప్పుడు నాలుగు చుక్కలు కింద పడ్డాయట. అంతే.

ఎంఎంఏ అంటే మోనోమిథైల్ ఎమీన్. అమోనియాలో మూడు హైడ్రోజన్లుంటాయి కదా, అందులో ఒకటి తీసేసి అక్కడ మిథైల్ పెడితే వచ్చేది. ఇంటర్‌లో చదివాం, ఎంసెట్‌లో బిట్టు కూడా పెట్టాం, ముక్కుతో మాత్రం ఎప్పుడూ చదవలేదు. ఆ రాత్రి రూముకొచ్చి, ఇంత చిన్న విషయంలో తప్పు చెప్పానే అని సిగ్గుపడుతూ దీని చరిత్ర వెతికాను. చూస్తే ఏముంది, లోకంలో దీన్ని మొదటిసారి తయారు చేసినాయన కూడా నాలాగే దాన్ని అమోనియా అనుకున్నాడు! ఆ ఒక్క కారణానికి ఆయన మీద ప్రేమ పుట్టి, జీవితమంతా చదివాను. ఆయన పేరు మీ అందరికీ తెలుసు. సోడియం ముక్క, పొడి ఈథర్, రెండు ఆల్కైల్ హేలైడ్లు. అవును, వుర్ట్జ్ రియాక్షన్ వుర్ట్జే.

షార్ల్ అడాల్ఫ్ వుర్ట్జ్ 1817 నవంబరు 26న ఆల్సాస్‌లో, స్ట్రాస్‌బర్గ్ పక్కనే ఉన్న వోల్ఫిషైమ్ అనే పల్లెలో పుట్టాడు. ఫ్రాన్స్, జర్మనీ సరిహద్దు ప్రాంతం అది. ఇంట్లో జర్మన్ వాసన, బడిలో ఫ్రెంచి. నాన్న లూథరన్ పాస్టర్. కొడుకు కూడా చర్చిలోకే రావాలని ఆయన కోరిక. వుర్ట్జ్‌కి కెమిస్ట్రీ పిచ్చి. చివరికి ఇద్దరూ మధ్యలో ఒక చోట రాజీపడ్డారు. మెడిసిన్ చదువుతానంటే నాన్న సరే అన్నాడు. మన ఇళ్లలో ఇంజినీరింగా, డిగ్రీయా అని జరిగే పంచాయితీ లాంటిదే, ఊరే వేరు. మెడిసిన్‌లో చేరినా అబ్బాయి ఎక్కడ తేలాలో అక్కడే తేలాడు. 1839 కల్లా స్ట్రాస్‌బర్గ్ వైద్య కళాశాలలో కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చూసుకునే ఉద్యోగంలో ఉన్నాడు. 1843లో డాక్టర్ పట్టా తీసుకున్నాడు కానీ, రోగుల్ని చూసే పని పెట్టుకోలేదు.

మధ్యలో 1842లో జర్మనీలోని గీసెన్ వెళ్లి లీబిగ్ దగ్గర కొంతకాలం పనిచేశాడు. అప్పట్లో విద్యార్థులు చేత్తో ప్రయోగం చేసి కెమిస్ట్రీ నేర్చుకునే చోటు అంటే అదే. అక్కడ దొరికిన ఫ్రెండ్ హోఫ్‌మన్. హోఫ్‌మన్ బ్రోమమైడ్ అని మనం బట్టీ పట్టేది ఈయన పేరే. ఈ ఇద్దరి స్నేహం చివరిదాకా నిలిచింది. మధ్యలో రెండు దేశాలూ యుద్ధం చేసుకున్నా సరే.

ఈ గురువు లీబిగ్ 1840 ప్రాంతంలో ఒక ఊహ చేశాడు. అమోనియాలో హైడ్రోజన్ తీసి కార్బన్ గుంపుని పెట్టగలిగితే, వచ్చే పదార్థం కూడా అమోనియా లాగే క్షారంగా ఉండాలని. ఊహ బాగానే ఉంది, చేసి చూపించినవాడు లేడు. గీసెన్ నుంచి వచ్చాక వుర్ట్జ్ పారిస్ చేరి డ్యుమా అనే పెద్దాయన దగ్గర కుదిరాడు. అక్కడ సయనిక్ ఆమ్లపు ఎస్టర్ల మీద పని. వాటినే ఇవాళ మనం ఐసోసయనేట్లు అంటున్నాం. 1849లో మిథైల్ ఐసోసయనేట్‌ని తీసుకుని పొటాష్ క్షారంతో కలిపి వేడి చేశాడు. ఒక వాయువు బయటికి వచ్చింది. అమోనియా వాసన. ఎర్ర లిట్మస్ నీలం అయింది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం దగ్గర పెడితే తెల్లటి పొగ. ఇన్ని సాక్ష్యాలుంటే ఎవరైనా ఏమనుకుంటారు? అమోనియానే అనుకున్నాడు. అయితే ఆ వాయువు మంట దగ్గరికి వెళ్లేసరికి భగ్గుమని అంటుకుంది. అమోనియా మామూలు గాలిలో అలా అంటుకోదు. ఆ మంటే ఆయన కళ్లు తెరిపించింది. లీబిగ్ ఊహించిన పదార్థం అదే. దాంతోపాటే ఇథైల్ ఎమీన్ కూడా చేశాడు.

ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే మన సిలబస్‌లో ఇదంతా మూడు లైన్లలో అయిపోతుంది. 1849లో బాండ్ అనే మాట లేదు, నిర్మాణ ఫార్ములా గీసేవాళ్లు లేరు. అసలు అణువులు నిజంగా ఉన్నాయా అనే దగ్గరే కొట్టుకుంటున్నారు. అలాంటప్పుడు ఒక వాయువు అమోనియా కాకపోయినా అమోనియా లాగా ప్రవర్తించడం, పెద్ద సంగతి. అంటే అమోనియా అనేది ఒక మూస, అందులో ముక్కలు మార్చుకోవచ్చు అన్నమాట. లండన్‌లో ఉన్న హోఫ్‌మన్ ఈ కబురు అందుకుని రెండేళ్లలోపే అమోనియాని ఆల్కైల్ అయొడైడ్లతో కలిపి మిగతా హైడ్రోజన్లు కూడా ఒక్కొక్కటిగా పీకేశాడు. డైమిథైల్, ట్రైమిథైల్ ఎమీన్లు, ఆపైన నాలుగు గుంపులున్న లవణాలు. తలుపు వుర్ట్జ్ తెరిస్తే ఇల్లంతా తిరిగి చూసింది హోఫ్‌మన్.

ఈ ముగ్గురు అన్నదమ్ముల గురించి ఒక్క మాట. గది ఉష్ణోగ్రత దగ్గర మూడూ వాయువులే. మిథైల్ ఎమీన్ మైనస్ 6 డిగ్రీల దగ్గర, డైమిథైల్ 7 డిగ్రీల దగ్గర మరుగుతాయి. బరువు పెరిగిందిగా, ట్రైమిథైల్ ఇంకా ఎక్కువ దగ్గర మరగాలి కదా? కాదు, 3 డిగ్రీలకే మరుగుతుంది. దానికి నైట్రోజన్ మీద ఒక్క హైడ్రోజన్ కూడా మిగల్లేదు, కాబట్టి పక్క అణువుని పట్టుకునే చెయ్యి లేదు. నీళ్లలో క్షార బలం చూసినా డైమిథైల్ మొదటి స్థానం, తర్వాత మిథైల్, తర్వాత ట్రైమిథైల్, చివర అమోనియా. ఎంసెట్‌లో మనల్ని ఏడిపించిన ఆర్డర్ ఇదే. సముద్రపు చేప నిలవైతే వచ్చే నీచు వాసన ముఖ్యంగా ట్రైమిథైల్ ఎమీన్‌దే. మా అమ్మ చేప ముక్కల్ని నిమ్మరసం, ఉప్పు, పసుపు వేసి ఎందుకు రుద్దుతుందో, పులుసులో చింతపండు ఎందుకు దట్టంగా పోస్తుందో ఈ క్షార గుణమే చెబుతుంది. ఆమ్లం తగలగానే ఎమీన్ లవణంగా మారి, గాల్లోకి లేవడం మానేస్తుంది. ఇది చెప్పాక మా ఇంట్లో నాకు పెద్దగా గౌరవం పెరగలేదు కానీ, ఇంకో రెండు ముక్కలు వేశారు.

సరే, వుర్ట్జ్ దగ్గరికి వద్దాం. అంత పని చేసినవాడికి సొంత ల్యాబ్ లేదు. నమ్మండి. 1850లో గరాన్సియేర్ వీధిలో ఇంకొందరితో కలిసి ఒక ప్రైవేటు ల్యాబ్ పెట్టుకున్నాడు. మూడేళ్లకి ఆ బిల్డింగ్ అమ్మేశారు, ల్యాబ్ పోయింది. అదే 1850లో వెర్సాయ్‌లో కొత్తగా పెట్టిన వ్యవసాయ సంస్థలో ప్రొఫెసర్ ఉద్యోగం వచ్చింది. 1852లో ఆ సంస్థనే మూసేశారు. 1853లో వైద్య కళాశాలలో కెమిస్ట్రీ ప్రొఫెసర్ అయ్యాక కానీ నిలదొక్కుకోలేదు. అక్కడ పెట్టిన ల్యాబ్‌కి మాత్రం దేశదేశాల నుంచి కుర్రాళ్లు వచ్చారు. ఫ్రీడెల్, క్రాఫ్ట్స్ ఇద్దరూ ఆయన దగ్గర పనిచేసినవాళ్లే. కార్బన్ నాలుగు చేతులూ టెట్రాహైడ్రన్ మూలల వైపు ఉంటాయని 1874లో విడివిడిగా చెప్పిన వాంట్ హాఫ్, లె బెల్ కూడా ఆ ల్యాబ్‌లో పక్కపక్కన తిరిగినవాళ్లే. ఆయన సొంత పని కూడా ఆగలేదు. 1855లో సోడియం రియాక్షన్, 1856లో ఇథిలీన్ గ్లైకాల్, 1859లో ఇథిలీన్ ఆక్సైడ్, 1872లో ఆల్డాల్. మన ఆర్గానిక్ నోట్సులో సగం పేజీలకి ఈయనకి అద్దె కట్టాలి.

ఇంతవరకు చదివి ఈయన్ని దేవుణ్ణి చేసేయకండి. 1858లో ఒక పాడు పని జరిగింది. ఆయన ల్యాబ్‌లో కూపర్ అనే స్కాట్లండ్ కుర్రాడు ఉండేవాడు. వయసు 27. కార్బన్‌కి నాలుగు చేతులుంటాయి, కార్బన్లు ఒకదానికొకటి గొలుసుగా పట్టుకుంటాయి అని ఒక పేపర్ రాశాడు. పరమాణువుల మధ్య గీతలు కూడా గీశాడు. ఇవాళ మనం బోర్డు మీద గీసే బాండ్ గీతలకి దగ్గరి చుట్టాలు అవి. దాన్ని అకాడమీ ముందు పెట్టించమని వుర్ట్జ్ చేతికిచ్చాడు. వుర్ట్జ్ అప్పటికి అకాడమీ సభ్యుడు కాడు. సభ్యుడెవరి చేతనైనా పెట్టించాలి. ఆలస్యం చేశాడు. ఈలోగా మే నెలలో కెకులే అదే విషయం అచ్చువేయించేశాడు. కూపర్ పేపర్ డ్యుమా చేతుల మీదుగా అకాడమీకి చేరేసరికి జూన్. కుర్రాడు వచ్చి గట్టిగా నిలదీశాడు. వుర్ట్జ్ అతన్ని ల్యాబ్ నుంచి పంపించేశాడు. కూపర్ ఎడిన్‌బరో తిరిగి వెళ్లాడు, మరుసటి ఏడాది మనసు చెదిరింది. ఆ తర్వాత ముప్పై ఏళ్లకి పైగా తల్లి సంరక్షణలో బతికి, కెమిస్ట్రీలో మళ్లీ ఒక్క అక్షరం రాయకుండా 1892లో పోయాడు.

కావాలని చేశాడా, అశ్రద్ధా? అశ్రద్ధే అని నాకనిపిస్తుంది. కానీ ప్రాజెక్ట్ గైడ్ టేబుల్ మీద మన రిపోర్టు వారాలకొద్దీ పడి ఉన్నప్పుడు ఎలా ఉంటుందో మనలో చాలామందికి తెలుసు. కూపర్‌కి జరిగింది దానికి వెయ్యింతలు. అందులోనూ విచిత్రం ఏమిటంటే, ఫ్రాన్సులో అణువులు, పరమాణువులు ఉన్నాయని అందరికంటే గట్టిగా వాదించింది వుర్ట్జే. 1860లో కార్ల్స్‌రూలో కెమిస్టుల మొదటి అంతర్జాతీయ సమావేశం జరిగితే, దాన్ని నడిపినవాళ్లలో ఆయన ఒకడు. పరమాణువుల్ని ఎవరు చూశారని ఎగతాళి చేసిన బెర్తెలో లాంటి ఉద్దండులతో ముసలితనం దాకా పోట్లాడాడు. ఆ పోట్లాటకి కూపర్ గీతల కంటే మంచి ఆయుధం ఏముంది? చేతిలో పెట్టుకుని గుర్తుపట్టలేదు.

1866లో వైద్య కళాశాలకి డీన్ అయ్యాడు. ఆ కుర్చీలో చేసిన మంచి పనుల్లో ఒకటి, ఆడవాళ్లని చేర్చుకోవడానికి అడ్డు పడకుండా తోడ్పడటం. 1868లో మదలేన్ బ్రెస్ చేరింది, 1870లో ఇంగ్లండు నుంచి వచ్చిన ఎలిజబెత్ గారెట్ అక్కడే డాక్టర్ పట్టా తీసుకుంది. ఇంకోటి, ల్యాబ్‌ల కోసం పోరాటం. జర్మనీ యూనివర్సిటీలన్నీ తిరిగి చూసి, మనం వాళ్లకంటే ఎంత వెనకబడ్డామో చూడండి అని 1870లో ప్రభుత్వానికి రిపోర్టు ఇచ్చాడు. అదే ఏడాది ఆ జర్మన్లతోనే యుద్ధం వచ్చింది. ఫ్రాన్స్ ఓడిపోయింది. 1871లో ఆల్సాస్ జర్మనీ పాలైంది. పుట్టిన పల్లె పరాయి దేశమైపోయింది. అంతకు రెండేళ్ల ముందే కెమిస్ట్రీ అంటే ఫ్రెంచివాళ్ల శాస్త్రమని తన నిఘంటువు ముందుమాటలో రాసి జర్మన్ కెమిస్టుల చేత తిట్లు తిన్నాడాయన. నాకైతే అది సరిహద్దు ఊరి మనిషి మాట్లాడే మాటలా అనిపిస్తుంది. రెండు వైపులా చుట్టాలున్నవాడే తాను ఎటువైపో గట్టిగా అరవాల్సి వస్తుంది. బెర్లిన్‌లో ఉన్న హోఫ్‌మన్ మాత్రం స్నేహం వదల్లేదు. 1884 మే నెలలో వుర్ట్జ్ పారిస్‌లో పోయాక, ఆయన జీవితం గురించి జర్మన్‌లో పుస్తకమంత వ్యాసం రాసింది ఆయనే. తర్వాత ఈఫిల్ టవర్ మీద చెక్కిన 72 పేర్లలో వుర్ట్జ్ పేరూ ఉంది.

ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని భాగం.

వుర్ట్జ్ మిథైల్ ఎమీన్ చేసినప్పుడు దానివల్ల ఎవరికీ ఏ ఉపయోగమూ లేదు. ఇవాళ మిథనాల్, అమోనియా ఆవిర్లని 400 డిగ్రీల చుట్టుపక్కల అల్యూమినా ఉత్ప్రేరకం మీదుగా పంపి, మూడు ఎమీన్లనీ కలిపి టన్నులకొద్దీ తీస్తారు. ఆ తర్వాత వాటిని డిస్టిలేషన్ కాలమ్స్‌లో విడదీస్తారు. ట్రైమిథైల్ ఎమీన్ అమోనియాతో అజియోట్రోప్ అయి కూర్చుంటుంది, మాస్ ట్రాన్స్‌ఫర్ చదివినవాళ్లు నవ్వుకోవచ్చు. మా అమ్మమ్మ రోజూ వేసుకునే షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ డైమిథైల్ ఎమీన్ నుంచే వస్తుంది. శ్రీహరికోట నుంచి లేచే పీఎస్ఎల్వీ రెండో దశలో మండేది అదే డైమిథైల్ ఎమీన్ నుంచి చేసే హైడ్రజీన్ జాతి ఇంధనం. ఫోన్ బ్యాటరీలో ఎలక్ట్రోడ్ పూత పూయడానికి వాడే ఎన్ఎంపీ అనే ద్రావణి మిథైల్ ఎమీన్ నుంచి. మన హాస్టల్ మెస్‌లో గుడ్డు పెట్టే కోడి మేతలో కోలిన్ క్లోరైడ్ కలుపుతారు, దాన్ని చేసేది ట్రైమిథైల్ ఎమీన్, ఇథిలీన్ ఆక్సైడ్‌లతో. కోలిన్‌ని అలా ట్రైమిథైల్ ఎమీన్ నుంచి 1867లోనే చేసి చూపించిందెవరో చెప్పనక్కర్లేదు.

ఇవన్నీ ఒక పక్క. ఇంకో పక్క భోపాల్ ఉంది.

భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ వాళ్లు మిథైల్ ఎమీన్‌ని ఫాస్జీన్‌తో కలిపి మిథైల్ ఐసోసయనేట్ చేసి, దాన్నుంచి పురుగుమందు తీసేవాళ్లు. వుర్ట్జ్ నడిచిన దారినే వెనక్కి నడవడం అది. ఆయన ఐసోసయనేట్ నుంచి ఎమీన్‌కి వెళ్లాడు, వీళ్లు ఎమీన్ నుంచి ఐసోసయనేట్‌కి. 1984 డిసెంబరు 2 రాత్రి, సుమారు 40 టన్నుల ఐసోసయనేట్ ఉన్న ట్యాంకులోకి నీళ్లు చేరాయి. ఐసోసయనేట్‌కి నీళ్లు తగిలితే ఏమవుతుంది? మిథైల్ ఎమీన్, కార్బన్ డయాక్సైడ్ వస్తాయి, వేడి పుడుతుంది. పుట్టిన ఎమీన్ మళ్లీ మిగిలిన ఐసోసయనేట్ మీద పడుతుంది, ఇంకా వేడి. ఆ ద్రవం 39 డిగ్రీలకే మరుగుతుంది. ట్యాంకుని చల్లబరిచే యంత్రాన్ని నెలల ముందే ఆపేసి ఉన్నారు. వచ్చిన వాయువుని కాల్చేయాల్సిన ఫ్లేర్ పనిచేసే స్థితిలో లేదు. వేలమంది నిద్రలోనూ, పరిగెత్తుతూనూ చనిపోయారు. 1849లో పారిస్‌లో ఒక గాజు పాత్రలో క్షారంతో జరిగిన చర్యకి సొంత చెల్లెలు లాంటి చర్య ఆ ట్యాంకులో మొదలైంది. ఆయన పోయి అప్పటికి సరిగ్గా నూరేళ్లు.

వుర్ట్జ్‌ని నేను తప్పు పట్టడం లేదు. పడితే కూపర్ విషయంలో పడతాను. కానీ ఆ గాజు పాత్ర దగ్గర ఆయన కూడా మంట చూసేవరకు అది అమోనియా అనే అనుకున్నాడని గుర్తొచ్చినప్పుడల్లా, నా మోచెయ్యి పట్టుకుని లాగిన ఆ అన్న గుర్తొస్తాడు. పదిహేనేళ్లుగా అదే బ్లాక్‌లో చేస్తున్నాడట. ఏ వాసన వచ్చినా ఆయన చేసే మొదటి పని పేరు చెప్పడం కాదు, తల ఎత్తి షెడ్డు మీద గాలిసంచి ఎటు ఊగుతుందో చూడటం. ఆఖరి రోజున నేను కూడా తెలియకుండానే తల ఎత్తాను, ఆయన చూసి నవ్వాడు.

ట్రైనింగ్ రిపోర్టులో హజార్డ్స్ చాప్టర్ కింద 1849 ప్రయోగం, భోపాల్ రెండూ కలిపి రెండు పేజీలు రాశాను. రివ్యూలో అవి అనవసరమని కొట్టేశారు, వాటి బదులు ఫ్లో డయాగ్రమ్ పెద్దది వేయమన్నారు. వేశాను. ఆ రెండు పేజీలే కాస్త సాగదీసి మన మ్యాగజైన్‌కి పంపుతున్నాను.